చెంచమ్మకు చాలని అక్షరాలు

కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకాలో, పలకల గనుల పక్కన ఉన్న క్రైస్తవపాలెంలో కాపురముంటున్న కొమ్ము యోహాను గారి కుమారుడు, మిషను స్కూలులో టీచరు పని చేసి రిటైరైన జీవరత్నం అనే నేను, నా పిల్లలకూ, నా తదనంతరం ఈ కాగితాన్ని అమలు జరపవలసినవారికీ తెలియజేస్తూ వ్రాయించిన వీలునామా.

నాకు అరవై దాటాయి. కడుపులో పుండు ముదిరింది. గంజి కూడా నిలవడం లేదు. దేహస్థితి ఇదైనా బుద్ధి నిలకడగానే ఉంది. నిన్న సాయంత్రం నా నవల ఆఖరి ప్రకరణం చూడకుండా అప్పచెప్పాను. నా కుమార్తె సరోజమ్మ రాతప్రతి పట్టుకుని సరిచూసింది. ఒక్కచోట తేడా వచ్చింది, అక్కడ నేను నోటితో చెప్పిందే బాగుందని ప్రతిలో దిద్దించాను. ఈ వీలునామా విషయంలో నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టి రాయించుకునేటంత ఆస్తి నాకు లేదు.

చేయి వణుకుతున్నందువల్ల నేను పలుకుతుంటే సరోజమ్మ రాస్తోంది. ఆమె కళ్లు తుడుచుకున్నచోట సిరా చెదిరితే దాన్ని దిద్దుబాటుగా లెక్కించకూడదు.

1. పలకరాళ్లు కప్పిన రెండంకణాల ఇల్లూ, దొడ్డీ, ఇంట్లోని మంచాలూ పాత్రలూ నా కుమార్తె సరోజమ్మకు చెందుతాయి. ఆసుపత్రిలో నర్సు పని చేసుకుంటూ, సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చి నాకు చాకిరీ చేసింది. పెళ్లి చేసుకుంటావా అని అడగడం నేనెప్పుడో మానేశాను. ఇంకెవరూ అడగకూడదు.

2. తర్లుపాడు దారిలో ఉన్న మెట్ట పొలం నా కుమారుడు దేవరాజుకు చెందుతుంది. వాన పడితే జొన్న, పడకపోతే కంప. నంద్యాల రైల్వేలో ఉద్యోగం వదులుకుని ఈ పొలాన్ని నమ్ముకోవద్దని నా సలహా.

3. ఇక అసలు ఆస్తి. "చెంచమ్మ కాపురం" అనే నా నవల రాతప్రతి, ఇంతవరకు అచ్చైన ఫారాల (కొన్ని పేజీల మడతకు ఒక ఫారం) కట్టలు, వాటి మీద నాకున్న సర్వహక్కులు సరోజమ్మకు ఇస్తున్నాను. కట్టలు నా మంచం కింద పెట్టెలో వేపాకు మధ్య ఉన్నాయి. నెలకొకసారి వేపాకు మార్చాలి. చెదపురుగుకు గ్రాంథికమూ గ్రామ్యమూ తేడా లేదు, ఏదైనా తింటుంది.

ఈ నవల ఎందుకు ముఖ్యమో నా తర్వాతివాళ్లు తెలుసుకోవాలి గనుక కాస్త వివరంగా రాయిస్తున్నాను.

నా భార్య పేరు సంఘం రిజిస్టరులో లీదియా. సమాధి మీది రాతిపైనా అదే చెక్కారు. బాప్తిస్మానికి ముందు ఆమె చెంచమ్మ. వాళ్లమ్మ నల్లమలలో వెదురు మోపు తెస్తూ దోర్నాల దారిలో ఆమెను కన్నది. అటుగా పోతున్న ఒక చెంచు ముసలామె బొడ్డు కోసి, తన పైగుడ్డలో చుట్టి చేతికిచ్చిందట. ఆ మేలు మరిచిపోకూడదని పెట్టుకున్న పేరు అది. గనిలో పలకలు చీల్చే ఆడవాళ్లు ఆమెను చెంచీ అనే పిలిచేవారు. నేనూ అంతే. పోయేముందు మూసిన కన్ను తెరవకుండా పడి ఉంటే, ఆమె అన్న, మా సంఘ కాపరి సత్యానందం అయ్యగారు ప్రార్థన చేసి "లీదియా, లీదియా" అని పిలిచారు. పలకలేదు. నేను "చెంచీ" అన్నాను. కళ్లు తెరిచి చూసింది. ఆమె పేరేమిటో నాకు ఇంకొక రుజువు అక్కర్లేదు.

గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆమె 1931లో చనిపోయింది. ఆ ఏడే నవల మొదలుపెట్టాను. నవలలో చెంచమ్మ కూడా గనిలోనే పని చేస్తుంది. ఆమెకూ అదే దగ్గు వస్తుంది, మంచం పడుతుంది. కానీ లేస్తుంది. లేచి, ఇక గనికి పోనని, పలకలకు చెక్క చట్రాలు బిగించే కొట్టు పెట్టుకుంటుంది. తల నెరిసేదాకా బతుకుతుంది. అబద్ధమే. ఆ అబద్ధాన్ని నమ్మేటట్టు రాయడానికి పదిహేనేళ్లు పట్టింది.

4. మద్రాసు పత్రికా సంపాదకుడు ఒకాయన నా రాతప్రతిని తిప్పి పంపుతూ, "కథ బాగున్నది గాని భాష గ్రామ్యము. వచ్చినాడు, ఏంది, అట్ల మొదలగు మాటలను సంస్కరించి పంపుము" అని రాశారు. ఆ మాటలు తీసేస్తే నా నవలలో మనుషులుండరు, ఉత్త గని ఉంటుంది. ఆయన ఉత్తరాన్ని ఆయనకే తిరిగి చేర్చాలని ఒకప్పుడు పంతం పట్టాను. ఇప్పుడు వీలుకాదు. యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క దాని వెనకవైపున పదో ప్రకరణం తిరగరాసుకున్నాను. ఉత్తరం రాతప్రతితో పాటే ఉంచాలి. ఆ ప్రకరణం బాగా వచ్చింది.

5. గిద్దలూరు స్టేషను దగ్గర ప్రెస్సు నడుపుకునే రంగయ్యకు నా ముక్కు కళ్లజోడు ఇస్తున్నాను. అతనికి చూపు మందగించింది. ఆ సంగతి అతను ఒప్పుకోడు గాని, ప్రూఫుల్లో నాకు తెలుస్తూనే ఉంది.

ఎవరూ నవలను అచ్చు వేయకపోతే నేనే వేయించుకుందామని 1938లో రంగయ్య దగ్గరికి పోయాను. పెళ్లిపత్రికలు, సంత నోటీసులు, మా మిషను వాళ్ల సువార్త కరపత్రాలు వేసే ప్రెస్సు అది. నవల వేయడం అతనికి కొత్త, వేయించడం నాకు కొత్త. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాలి. పేర్చిన పేజీలు అచ్చయ్యాక వాటిని విప్పి మళ్లీ గళ్లలో వేస్తేనే తర్వాతి పేజీలకు అక్షరాలు. అలాగైనా సాగేదే. కానీ మొదటి ఫారం పూర్తి కాకముందే అతని దగ్గర "చె" అయిపోయింది. చెట్టు, చెవి, చెయ్యి, చెప్పినాడు, చెప్పింది, వాటన్నిటి మీద మా చెంచమ్మ. పెళ్లిపత్రికకు "చె"తో ఏం పని?

రంగయ్య తలగోక్కుంటూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అయ్యవారూ, ఈ చెంచమ్మ ఊరికూరికే వస్తాంది మీ కతలో. నా కాడ చె లు గుప్పెడే. పేరు మార్చుకుంటే ఏంది? రంగమ్మ అని పెట్టండి, ర లు బోలెడు. లేదంటే మీ ఇంటామె పేరు లీదియానే కదా, అదే పెట్టుకోండి. మీ మిషనోళ్ల పేర్లకు కావాల్సిన అక్షరాలన్నీ నా కాడ ఉండాయి."

అతను తెలియక అన్నాడు. తెలియని మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. అయినా ఆ రోజు అతని గుమ్మంలో గొడుగు నేలకేసి కొట్టి వచ్చేశాను. వారం తిరక్కుండా మళ్లీ పోయాను. ఒక ఒప్పందానికి వచ్చాం. నవలంతా "చెప్పినాడు" అన్నచోట "అన్నాడు" అని మార్చాను. "చెట్టు"ను "మాను" చేశాను. చెవినీ చెయ్యినీ మార్చలేను గదా, అవి ఉన్నాయి. చెంచమ్మ ఉంది. ఆ కాస్త "చె"లతోనే ఒక్కొక్క పేజీ పేర్చి, అచ్చువేసి, విప్పి, మళ్లీ పేర్చాలి. శనివారం స్కూలు వదలగానే మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గిద్దలూరులో దిగేవాణ్ని. మాఘమాసం వస్తే పెళ్లిపత్రికల కింద నా నవల ఆగిపోయేది. శ్రావణంలో మళ్లీ ఆగేది. నా జీతం ఎటు పోయేదో సరోజమ్మకు తెలుసు, చిరిగిన చీర కట్టుకుని ట్రైనింగు పాసైంది.

ఇంత చేసినా రంగయ్య నవలను మూలన పారేయలేదు. ఎన్నోసార్లు "ఇదే ఆఖరు ఫారం, ఇంక నా వల్ల కాదు" అన్నాడు. తర్వాతి శనివారం నేను పోయేసరికి మళ్లీ అక్షరాల కేసు ముందు నిలబడి ఉండేవాడు. కళ్లజోడు అతను కాదనకుండా తీసుకోవాలి.

6. పెద్దదోర్నాలలో శ్రీశైలం యాత్రికులకు హోటలు నడిపే నరసింహులు గారికి, నవల పూర్తయ్యాక కుట్టిన మొదటి ప్రతి ఇవ్వాలి. నా పిల్లలకంటే ముందు ఆయనకు. కారణం ఇది.

పేర్చేటప్పుడు అక్షరం చాలకపోతే ఆ చోటు పోకుండా ఇంకేదో అక్షరాన్ని తలకిందులుగా నిలబెడతారు. ప్రూఫులో అక్కడ నల్లమచ్చ పడుతుంది. అచ్చుకు ముందు సరైన అక్షరం పెట్టాలి. ఒకసారి నేను మలేరియాతో పడుకుని గిద్దలూరు పోలేకపోయాను. రంగయ్య ఆ నల్లమచ్చలతోనే ఫారం మొత్తం అచ్చు వేసేశాడు. ఎక్కడ చూసినా నా చెంచమ్మ మొహాన మసి. తర్వాత తన ఖర్చుతో మళ్లీ వేశాడు, అది వేరే సంగతి. చెడిన కాగితాలను చిత్తుకింద అమ్మేస్తే, అవి దోర్నాల హోటలుకు వడలు కట్టడానికి చేరాయి.

ఆ సంగతి తెలియకుండానే నేను సువార్త కూటానికని దోర్నాల పోయాను. హోటలు ముందు, మా వాళ్లకని బయట పెట్టిన గట్టు మీద కూర్చుని, మా వాళ్లకని వేరే ఉంచిన తగరపు గ్లాసులో టీ తాగుతున్నాను. నరసింహులు గారు ఒక కాగితం పట్టుకుని గడప దాకా వచ్చి అడిగాడు. "పంతులూ, సదువుకున్నోని మాదిరి ఉండావు. ఈ మంచమ్మ ఎవరు? యా ఊరు? దగ్గుతా మంచాన పడింది, ఆడికి కాయితం అయిపోయింది. ఆమెకు తగ్గిందా లేదా?"

మసి ఉన్నచోట ఆయన తోచిన అక్షరం పెట్టుకుని చదువుకున్నాడు. వడల కాగితాలు వరస కలిపి పెట్టుకున్నాడు. దారిన పోయే చదువుకున్నవాళ్లందరినీ అడుగుతున్నాడట. ఆ రాసింది నేనే అన్నాను. ఆయన బయటికి వచ్చి నా పక్కన ఆ గట్టు మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మని పిలవలేదు, అది ఆయన వల్ల కాదు, అందుకు నేను ఆయన్ను క్షమించనూ లేదు. కానీ తానే బయటికి వచ్చి కూర్చున్నాడు, అదీ మరిచిపోను. తర్వాతి కథ నోటితో వినిపించబోతే రెండు చెవులూ మూసుకున్నాడు. "వద్దొద్దు. నువ్వు నా మొహం చూసి తగ్గిందంటావు. అచ్చులో వస్తేనే నమ్ముతా."

మద్రాసు నుంచి బెజవాడ దాకా నా నవల చదివి తర్వాతేమైందని అడిగినవాడు ఆయన ఒక్కడే. ఇప్పటికీ దోర్నాల నుంచి ఎవరొచ్చినా మంచమ్మకు ఎట్లుందని కబురు పెడతాడు. ఆయన ప్రతిలో, అట్ట లోపల, ఆమె పేరు చెంచమ్మ అని సరోజమ్మ స్పష్టంగా రాసి ఇవ్వాలి.

7. నా కుమారుడు దేవరాజుకు, పొలం గాక, వాళ్లమ్మ పలకలు చీల్చిన ఉలి ఇస్తున్నాను. పిడి ఆమె అరచేతికి తగ్గట్టు అరిగింది. పట్టుకుంటే తెలుస్తుంది.

దేవరాజుతో నాకొక తగాదా మిగిలి ఉంది. యుద్ధంలో కాగితం కంట్రోలు వచ్చి, నవల ఇంక మూడు ఫారాల దూరంలో ఆగిపోయింది. 1944లో రంగయ్యకు ఎట్లాగో కొంచెం కాగితం దొరికింది. పేరు మారిస్తే మూడు ఫారాలూ గబగబా పేర్చి ముగిస్తానన్నాడు, ఒక్కొక్క పేజీగా వేసే తీరిక లేదన్నాడు, లేకపోతే ఆ కాగితం రేషను కార్డులకు పోతుందన్నాడు. దేవరాజు నా కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు. "నాయనా, పేరుదేముంది? అమ్మ లీదియానే కదా. మిగతాదాంట్లో ఆ పేరు పెట్టెయ్యి. నువ్వు ఉండంగానే పుస్తకం నీ చేతిలో చూడాలని నాకుండదా?"

వాడిది ప్రేమే. నాకు తెలుసు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను, వాడు రాత్రి బండికి వెళ్లిపోయాడు. కాగితం రేషను కార్డులకు పోయింది. ఆ రోజు ఒప్పుకొని ఉంటే పుస్తకం కళ్లతో చూసి పోయేవాణ్ని. నాయనా దేవరాజూ, నేను చూడకపోయినా ఫరవాలేదు. నువ్వేమీ తప్పు మాట్లాడలేదు.

8. మద్రాసు ఫౌండ్రీలో పోత పోసి వచ్చిన "చె" అక్షరాల పొట్లం సరోజమ్మకు ఇస్తున్నాను. ఫౌండ్రీవాళ్లు ఒక్క అక్షరాన్ని విడిగా అమ్మేది లేదన్నారు, యుద్ధంలో సీసం లేదన్నారు, యుద్ధం అయ్యాక చూద్దామన్నారు. విసుగొచ్చేదాకా రాస్తూనే ఉన్నాను. విసుగు వాళ్లకే ముందు వచ్చింది. పోయిన నెల పార్సిలు చేరింది. చెంచీ వెండి కడియాలు అమ్మితే వచ్చిన అక్షరాలు అవి. కడియాలు సరోజమ్మకు రావలసినవి. ఆమే పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. అందువల్ల ఈ సీసం ఆమెకే చెందాలి.

వీటి విషయంలో షరతులు. (అ) ఇవి రంగయ్య గళ్లలో కలపకూడదు. కలిస్తే మళ్లీ దొరకవు. పేజీ అచ్చు కాగానే సరోజమ్మ తన చేతులతో ఏరి గుడ్డలో కట్టుకోవాలి. (ఆ) మద్రాసు పోత కాస్త వేరు గనుక, పక్క అక్షరాలకంటే ఈ "చె" తల కొంచెం పైకి ఉంటుంది. రంగయ్య దాన్ని ఆకురాయితో అరగదీస్తానంటాడు. అరగదీయనివ్వకూడదు. చూసేవాళ్లకు బాగుండకపోతే బాగుండకపోనీ. (ఇ) ఇప్పుడు అక్షరాలు ఉన్నాయి గనుక, మిగిలిన మూడు ఫారాల్లో "చెప్పింది" అని నేను రాసినచోట "చెప్పింది" అనే ఉండాలి. ఇన్నాళ్లూ అందరూ అనడమే గాని చెప్పడం లేదు.

9. నా సమాధికి రాయి వేయవద్దు. అందుకయ్యేది బైండింగు గుడ్డకు వాడాలి. నా భార్య సమాధి మీద ఉన్న పేరును ఎవరూ ముట్టుకోవద్దు. రాయి సంఘానిది, సంఘం ఇష్టం. పుస్తకం నాది.

10. ఏ కారణం చేతనైనా రంగయ్య ప్రెస్సు మూతపడితే, లేక కాగితం అసలే దొరకకపోతే, సరోజమ్మా దేవరాజూ కలిసి ఆ మూడు ఫారాల కథనూ చేత్తో రాసి, అచ్చైన ఫారాల వెనక దబ్బనంతో కుట్టి, నరసింహులు గారి ప్రతి ఒక్కటైనా పూర్తి చేయాలి. ఆయన అచ్చు కాదని పేచీ పెడతాడు. నా ఆఖరి కోరిక అని ఒప్పించాలి.

11. ఈ వీలునామా అమలుకు సరోజమ్మను ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను. దేవరాజు ఆమెకు సాయపడాలి గాని అడ్డుపడకూడదు.

12. నా బావమరిది సత్యానందం అయ్యగారికి ఈ వీలునామాలో ఏమీ ఇవ్వడం లేదు. కోపం లేక కాదు. చెల్లెలిని మట్టిలో పెట్టేటప్పుడు ఆమె పేరు ఒక్కసారి పలకమని నేను చేతులు జోడించి అడిగితే, "అది పాత జన్మ పేరు బావా, చచ్చిపోయిన పేరు" అన్నాడు. ఆ పేరుతో నవల వస్తే సంఘంలో తలెత్తుకోలేనని రంగయ్య ప్రెస్సు దాకా పోయి అన్నాడు. ఏమీ ఇవ్వకపోవడానికి అదీ కారణం కావచ్చు. కానీ అసలు కారణం వేరు. సాక్షి సంతకం పెట్టేవాడికి వీలునామాలో ఏమీ దక్కకూడదని వకీలుగారు చెప్పారు. నాకు సాక్షిగా ఈయనే కావాలి.

సాక్షి తన పేరు, తానెవరో, నాకు ఏమవుతాడో తన చేతితో రాసి సంతకం పెట్టాలట. బావా, ఏం రాయాలో నేను చెప్పను. నీ ఇష్టం.

13. ఇంతవరకు అచ్చైన నవలలో చెంచమ్మ మంచం మీద పడి దగ్గుతోంది. ఆఖరి ఫారం ఆఖరి పేజీలో దీపం ఆర్పి, అటు తిరిగి పడుకుంది. ఆమె లేచేది మిగిలిన మూడు ఫారాల్లో. నా పిల్లలారా, మీ అమ్మను నేను మంచం మీద నుంచి లేపలేకపోయాను. ఈమెనైనా లేపండి. అలాగే వదిలేయకండి.

నా ఇష్టపూర్వకంగా, చదివించి విని, సరిగా ఉందని ఒప్పుకుని వ్రాలు చేసినది.

1946వ సంవత్సరం నవంబరు 18వ తేది, సోమవారం. క్రైస్తవపాలెం, మార్కాపురం తాలూకా.

(వ్రాలు) కొమ్ము జీవరత్నం

దస్తూరి: కొమ్ము సరోజమ్మ

జీవరత్నం గారు మా ఎదుట వ్రాలు చేయగా చూచిన సాక్షులు:

1. రామయ్య, పలకల కార్ఖానా మేస్త్రీ, మార్కాపురం.

2. సత్యానందం, సంఘ కాపరి, క్రైస్తవపాలెం. జీవరత్నం గారి బావమరిదిని. ఆయన భార్య లీదియాకు (ఈ పేరు నేనే రాసి నేనే కొట్టివేసినాను, కొట్టివేత ఒకటి) చెంచమ్మకు తోడబుట్టిన అన్నను.